సిరుగుప్ప ఆయన

మా మెడికల్ కాలేజీ లైబ్రరీలో సోమవారం పొద్దున ప్రింటరు దానంతటదే పనిచేస్తుంది. ఎవరూ మీట నొక్కరు. అది కాసేపు మూలిగి ఒక కాగితాన్ని బయటికి తోసి మళ్లీ ఊరుకుంటుంది. ఆ కాగితం కావాలని అడిగిన మనిషి ఇప్పుడు లేడు. కాగితం మాత్రం వస్తూనే ఉంది. దాని మీద చూడవలసింది ఒక్క అంకె. ఆ అంకె కోసం ఒకమ్మాయి వార్డు పని ముగించుకుని, మెడలో స్టెతస్కోపుతో మెట్లెక్కి వస్తుంది.

మొదటి నుంచీ చెప్తాను.

నేను పుట్టి పెరిగింది బళ్లారి కౌల్ బజారులో. మా నాన్నది స్టీలు పాత్రల అంగడి. పదో తరగతి కాగానే నన్ను అంగట్లో కూర్చోబెట్టారు. మధ్యాహ్నం ఎండకు బజారు మందగించినప్పుడు ప్రభుత్వ గ్రంథాలయానికి పరిగెత్తేదాన్ని. తెలుగు బీరువా పూర్తయ్యాక కన్నడ బీరువా, అది కూడా అయిపోయాక నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు బీరువా. నాకు చదువు చెప్పింది ఆ బీరువాలే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గు లేదు, గర్వమే. తర్వాత ప్రైవేటుగా డిగ్రీ కట్టాను, లైబ్రరీ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను, ఈ ఉద్యోగంలో చేరాను. వైద్య నిఘంటువును కథల పుస్తకంలా మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను.

కొన్నేళ్ల కిందట కాలేజీ వాళ్లు ఒక వెతుకుడు సిస్టమ్ పెట్టించారు. అందులో రెండు భాగాలు. ఒకటి, ప్రపంచంలో అచ్చయ్యే వైద్య వ్యాసాలు వెతకడానికి. రెండోది మా సొంతం. రికార్డు గదిలో గుడ్డ మూటలు కట్టి పడేసిన మా ఆసుపత్రి పాత కేసు షీట్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించారు. పరిశోధన చేసే డాక్టరు ఒక లక్షణం చెప్తే, అలాంటి రోగి మన దగ్గరికి ఎప్పుడైనా వచ్చాడా అని అది వెతికి చెప్తుంది. ఎక్కించేటప్పుడు రోగి పేరు తీసేస్తారు. వయసు, మగా ఆడా, చేసే పని, తాలూకా, జబ్బు వివరాలు మిగులుతాయి. పేరు తీసేస్తే మనిషి మిగలడని అనుకుంటారు. నేను ఆ షీట్లు చదివినప్పుడల్లా నాకు మాత్రం మనిషి ఇంకా స్పష్టంగా కనిపించేవాడు.

కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఆయుధపూజ పడింది. మా అటెండరప్ప వాటికి కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, గుమ్మం ముందర బూడిద గుమ్మడికాయ పగలగొట్టాడు.

"దిష్టి పోయిందక్కా. ఇంక చూడు, డాక్టర్లు క్యూ కడతారు" అన్నాడు.

ఎవరూ రాలేదు. నెలలు గడిచినా రాలేదు. "దిష్టి మిషన్లకు కాదక్కా, డాక్టర్లకే ఉండాది" అని తనే తీర్మానం మార్చుకున్నాడు.

ఆ తర్వాత వ్యాసాలు అచ్చేయించుకుంటేనే ప్రమోషన్ అని పైనుంచి మాట వచ్చాక నెమ్మదిగా కదిలారు. కొందరు ఫోను చేసి "అమ్మా, నువ్వే చూసి పెట్టు" అనేవారు. కొందరు నా కుర్చీ వెనక నిలబడి, రౌండ్లలో నర్సుకు చెప్పినట్టు చెప్పేవారు. ఒకాయన సిస్టమ్‌కు దండం పెట్టినంత మర్యాదగా, "దయచేసి" అని కూడా టైపు చేసేవాడు. వాళ్లందరినీ చూసి నేనొకటి నేర్చుకున్నాను. చాలామంది తెలియనిదాన్ని వెతకడానికి రారు. తాము ముందే నమ్మింది దొరకాలని వస్తారు. అది దొరకగానే వెతకడం ఆపేస్తారు.

అసలు గడప తొక్కనివాడు జనరల్ మెడిసిన్ ప్రొఫెసరు ఒక్కడే. రిటైర్మెంటుకు దగ్గర పడినాయన, నెమ్మదస్తుడు. పిల్ల డాక్టర్లు ఆయన నీడను కూడా దాటేవారు కాదు. ఒకసారి వరండాలో ఎదురైతే ధైర్యం చేసి పిలిచాను.

"నా రోగులు నా తలకాయలో ఉండారమ్మా. ఇంగ మిషన్ ఎందుకు?" అని నవ్వి పోయాడు.

అలాంటి మనిషి ఒక ఎండాకాలం ఉదయాన తనంతట తాను వచ్చాడు. కోట గుట్ట రాళ్లు అప్పటికే కాగుతున్నాయి. లోపల ఏసీ నడుస్తోంది. అయినా ఆయన చొక్కా వీపుకు అంటుకుని ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నడివయసు దాటిన మగమనిషి" అని మొదలుపెట్టాడు. "నిద్ర లేదు. తగ్గడం కాదమ్మా, నిద్రే లేదు. మందిచ్చినా పట్టదు. ఊరికే చెమటలు. నడక తప్పతాది, మాట తడబడతాది. కండ్లు తెరిచే ఉంటాడు గానీ కలలో ఉన్నట్ల చేతులాడిస్తాడు."

"ఎట్లాడిస్తాడు సార్?"

"నారు పెడతాడు."

"యాడ?"

"గాల్లో. వెల్లకిలా పండుకోని, నారుకట్ట విప్పినట్ల చేస్తాడు. ఒకొక్క మొక్కా తీసి పెడతాడు. వరుస తప్పడు."

చేతులతో చూపించబోయి, సగంలో ఆపి, చేతులు ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఎవరు సార్ ఆయన?"

"సిరుగుప్ప ఆయన. వరి రైతు."

ఆయన చెప్పిన మాటలతోనే వెతికాను. వ్యాసాల భాగంలో ఒక జబ్బు పేరు వచ్చింది. చాలా అరుదైనది. పేరు ఇక్కడ రాయను, నోరు తిరగని పేరు, విని ఎవరికీ ఉపయోగం లేదు. మా సొంత కేసు షీట్లలో మాత్రం సున్నా.

"ఒక్కరూ లేరు సార్. అట్లయితే మీదే మొదటి కేసు. పేపరు రాయచ్చు" అన్నాను సంబరంగా.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నాకు మొదటిది వద్దమ్మా. రెండోది కావాల. ఒక్క ఇంట్లోనే ఉంటే అది రక్తంలో వచ్చేది. సంబంధం లేని ఇంకో ఇంట్లో కూడా కనపడితే... అప్పుడు నీళ్లో, మందులో, గని దుమ్మో, ఇంకేదో అనుకోవచ్చు. ఆ ఇంట్లో ఒక పిల్ల ఉండాది. చదువుకుంటాండాది. రక్తమే అయితే దాని వంతు కూడా రావచ్చు."

అప్పుడు నాకు విషయం అర్థమైంది. ఆ పిల్ల కోసం, ముక్కూముఖం తెలియని ఇంకో రోగి దొరకాలి.

నిఘంటువు చదివినదాన్ని కదా, ఊరుకోలేక అడిగాను. "రక్తపరీక్ష ఉండాదని చదివినా సార్. పిల్లకు చేయిస్తే తెలిసిపోదా?"

"తెలుస్తాది. అవునంటాది, లేదంటే కాదంటాది. అవునంటే ఏం చేయాల? మందు లేదు. ఆ పిల్ల అప్పట్నుంచి ప్రతి రాత్రీ మంచమెక్కి, నిద్ర వస్తాదా రాదా అని చూసుకుంటా ఉండాల. నీ మిషన్ మేలమ్మా. ఇది 'ఇంగా దొరకలేదు' అంటాది, అంతే."

మా ఆసుపత్రి కేసు షీట్లలో ఒక పద్ధతి ఉంది. రోగి ఇంటివాళ్లు ఏ మాట అన్నారో జూనియర్ డాక్టర్లు ఆ మాటే రాసుకుంటారు. నిద్ర లేకపోవడానికి మా వైపు ఎవరూ పెద్ద పేరు వాడరు. కండ్లు మూతపడవంటారు, కన్నడంలో నిద్దె బరల్ల అంటారు, గాలి సోకిందంటారు. ఈ మాటలన్నీ ఒకే ముడిలో కట్టి సిస్టమ్‌కు నేర్పించింది నేనే. ఆ ముడి వేసి వెతికితే, డాక్టరు ఇంగ్లీషులో అడిగినా 'గాలి సోకింది' అని రాసిన షీటు కూడా పైకి వస్తుంది. ఇది నా సొంత తెలివి అని కాలేజీ అంతా చెప్పుకున్నాను.

ఆ ముడితో మళ్లీ వెతికితే ఒకడు దొరికాడు. సండూరు తాలూకా, బండ్రి. నడివయసు మగమనిషి. గాలి సోకింది, రాత్రుళ్లు అసలు నిద్రపోడు, ఒంటరిగా మాట్లాడుకుంటాడు. నేను ఫోను చేస్తే ప్రొఫెసరు మాట పూర్తి కానివ్వలేదు. "వస్తాండా, వస్తాండా" అని పెట్టేశాడు. రికార్డు గదిలో అనుమతి రాయించుకుని చిరునామా తీసుకున్నాడు. మిట్ట మధ్యాహ్నం, ఆ ఎండలో, సొంత కారులో బండ్రి పోయాడు.

మరునాడు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమైంది సార్?"

"వాడు గని కాడ రాత్రి వాచ్‌మన్ అమ్మా."

షీటు మళ్లీ తెరిచి చూస్తే, చేసే పని అన్న చోట 'గని పని' అని మాత్రమే ఉంది.

"రాత్రి నిద్రపోతే ఉద్యోగం పోతాది. పగలంతా గుర్రు పెట్టి పండుకుంటాడంట. వాళ్లమ్మ పూజలు చేయిస్తాండాది. ఒంటరిగా మాట్లాడేది ఏందో తెలుసునా? చెవిలో పెట్టుకున్న ఫోనులో పెళ్లాంతో."

అటెండరప్ప నవ్వు ఆపుకోలేక స్టాకు రూములోకి పోయాడు. సార్ కూడా నవ్వాడు. నవ్వుతూనే ఉన్నాడు, చెంపల మీద చెమట కారుతూనే ఉంది. అంత దూరం పోయి ఆరోగ్యంగా ఉన్న మనిషిని చూసి, ఒక డాక్టరు అంత ఓడిపోయినట్టు కూర్చోవడం నేను ఇంతకు ముందు చూడలేదు.

లేచేటప్పుడు అడిగాడు. "నేను ప్రతిసారీ వచ్చి అడగలేనమ్మా. అదే అడుగుతా ఉండేట్ల చేయచ్చా?"

చేయవచ్చు. ఒక ప్రశ్నను సిస్టమ్‌కు అప్పగిస్తే, కొత్త కేసు షీట్లు ఎక్కినప్పుడల్లా అది తనంతట తానే వెతికి కాగితం పంపుతుంది. కొత్తవి ఎక్కేది వారాంతంలో, కాబట్టి కాగితం సోమవారం వస్తుంది. నా ముడి లేకుండా, వయసు, మగా ఆడా కూడా తీసేసి, ఉత్త లక్షణాలతో ఆయన ప్రశ్నను అలా పెట్టి చూపించాను. తన చేత్తోనే చివరి మీట నొక్కుతానన్నాడు. వేలు మీట మీద పెట్టి కాసేపు అలాగే ఉండిపోయాడు. "నేను మరిచిపోయినా ఇది మరిచిపోదు కదా?" అని అడిగి నొక్కాడు.

అప్పటి నుంచి ప్రతి సోమవారం వచ్చేవాడు. ఆ సిరుగుప్ప రైతు నాకు ఇంటి మనిషిలా అయిపోయాడు.

"ఎట్లుండాడు సార్ సిరుగుప్ప ఆయన?"

"ఉండాడమ్మా. నిన్న చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయినాడు."

ఇంకో వారం అడిగితే "అన్నం ముందర కూర్చోని, తినేది మరిచిపోతాండాడు" అనేవాడు. మరో వారం, "రాత్రంతా ఇంట్లో తిరగతాడు. గోడలకు చెయ్యానించి తిరగతాడు. తెల్లారినాక, పండుకున్నా అని అబద్ధం చెప్తాడు."

"ఎవరికి సార్?"

"పిల్లకు."

ఒక్క విషయం మాత్రం నాకు అప్పట్లోనే వింతగా ఉండేది. ఆ రోగి గురించి చెప్పేటప్పుడు ఆయన ఒక్కోసారి కిందినుంచి పైకి చూసి చెప్పినట్టు చెప్పేవాడు. ఎత్తైన మంచం పక్కన నిలబడిన పిల్లవాడు చెప్పినట్టు. "గడ్డం ఎంత పెరిగిందో", "చేతులు ఎంత పెద్దవో" అనేవాడు. డాక్టర్లు రోగి చేతుల గురించి అలా మాట్లాడరు.

ఒక సోమవారం ఆయన చదువుకునే బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగాయి, హాలంతా నిశ్శబ్దం. టక్, టక్ అని చిన్న చప్పుడు వినిపించింది. ఆయన ఎడమ అరచేయి బల్ల మీద పరిచి, కుడిచేతి నడివేలితో ఎడమచేతి వేలి మీద కొడుతున్నాడు. డాక్టర్లు ఛాతీ పరీక్షించేటప్పుడు చేసేది అదే. కొద్దిగా కిందికి జరిపి మళ్లీ రెండుసార్లు కొట్టాడు. చెవి వంచి విన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, గోడను చూస్తున్నాయి.

"బల్లకు ఏం రోగమో చూస్తాండాడు సార్" అని అటెండరప్ప నా చెవిలో గొణిగాడు. నాకు నవ్వొచ్చింది.

ఆయన మా వైపు తలతిప్పాడు. మమ్మల్ని కాక మా వెనక ఎవరినో చూస్తున్నట్టు ఉంది ఆ చూపు. "ఈ పక్క నీరుండాది. రాసుకో" అన్నాడు.

మా ఇద్దరి నవ్వూ ఆగిపోయింది. కరెంటు వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి. ఆయన ఉలిక్కిపడి లేచి, "కాగితం వచ్చిందామ్మా?" అని మామూలుగా అడిగాడు. కాగితం పొద్దున్నే ఇచ్చాను. అది ఆయన జేబులోనే ఉంది.

తర్వాతి సోమవారం ఆయన రాలేదు. సెలవు పెట్టాడన్నారు. కొంతకాలానికి బెంగళూరులో పోయాడని కబురొచ్చింది. సంతాప సభలో ఫోటోకు దండ వేశారు. స్వల్ప అనారోగ్యం అన్నారు. ఇంకేం చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

నాకు సార్ గురించి ఎంత దిగులో సిరుగుప్ప రైతు గురించి కూడా అంతే దిగులు. ఇప్పుడు ఆయన్ని ఎవరు చూస్తున్నారు? మెడిసిన్ విభాగంలో అడిగాను. అలాంటి రోగి తమకు తెలియదన్నారు. అటెండరప్ప అత్తగారిది సిరుగుప్పే. కనుక్కోమన్నాను. ఆయన పోయి వచ్చి చెప్పాడు.

"మా సిరుగుప్పలో నిద్రపోనోళ్లంటే సెల్‌ఫోను పిలగాళ్లేనక్కా. పెద్దోళ్లంతా కాలువ నీళ్లు వదిలిన కాడ్నుంచీ నడుం పట్టుకోని బాగా నిద్రపోతాండారు."

సోమవారం పొద్దున ప్రింటరు మాత్రం మూలిగింది. మనుషులకు కబురు చెప్పాం గానీ సిస్టమ్‌కు ఎవరూ చెప్పలేదు. సున్నా. ఆ ప్రశ్నను తీసేయడానికి మీట దాకా వెళ్లి, నా చేతులు రాక ఆగిపోయాను. ఆ మీట మీద ఆయన వేలు ఆగి ఉన్న తీరు గుర్తొచ్చింది.

కొన్ని వారాలకు, మళ్లీ ఎండాకాలం వచ్చాక, ఒక అమ్మాయి వచ్చింది. తెల్లకోటు. మా కాలేజీలోనే పీజీ మొదటి సంవత్సరం. ముఖం చూడగానే సార్ కూతురని తెలిసింది, కనుబొమ్మలు అవే.

"నాన్న చెప్పినాడక్కా, సోమవారం పొద్దున ఈడికి పొమ్మని. దొరికిందా?"

"లేదు తల్లీ. సున్నా."

తల ఊపి వెళ్లబోయింది. నేను పట్టలేక అడిగేశాను.

"ఒక్క మాట డాక్టరమ్మా. ఆ సిరుగుప్ప ఆయన ఎట్లుండాడు? ఇప్పుడెవరు చూస్తాండారు ఆయన్ని?"

ఆ అమ్మాయి గుమ్మంలోనే ఆగింది. "సిరుగుప్ప ఆయనా?"

"వరి రైతు. గాల్లో నారు పెడతాడంట కదా. మీ నాన్న ప్రతి వారం చెప్తాండె."

"ఆయన మా తాతక్కా" అంది. "నాన్న ప్రైమరీ స్కూల్లో ఉన్నప్పుడే పోయినాడు."

బయట ఎండ తెల్లగా మండుతోంది. నెలల తరబడి, ఒక తరం కిందట చనిపోయిన మనిషి క్షేమం నేను అడుగుతూ వచ్చాను. సార్ తడుముకోకుండా, నిన్ననే చూసినట్టు జవాబు చెప్తూ వచ్చాడు.

"మరి చొక్కా గుండీలు? నిన్న పెట్టుకోలేకపోయినాడు అని..."

"అది నాన్న."

"గోడలు పట్టుకోని తిరిగేది?"

"అదీ నాన్నే. నారు పెట్టేది తాత." గుమ్మం నుంచి వెనక్కి వచ్చింది. "కలిపి ఒకే మనిషిని చేసినట్లుండాడు నీకు చెప్పేతప్పుడు. ఆ ఇంట్లో పిల్ల ఉండాదని కూడా చెప్పినాడా?"

"చెప్పినాడు."

"అది నేను."

ఆ రోజు నుంచి మేమిద్దరం కలిసి ఎదురుచూడటం మొదలుపెట్టాం. రక్తపరీక్ష మాట నేను ఎత్తలేదు. తనే ఒకసారి అంది, "బేడక్కా, వద్దు. నాకు సోమవారాలు చాలు." కాగితం చూసుకుని, పోయేముందు ప్రతిసారీ ఒక మాట చెప్పేది. నేను అడగకుండానే చెప్పేది. "రాత్రి బాగా నిద్రపట్టిందక్కా." దానికి నేను "హౌదా తల్లీ, మంచిది" అనేదాన్ని. మామూలుగా ఎవరు వచ్చినా కాఫీ తాగావా అన్నట్టు, నిద్రపట్టిందా అని అడగడం మా బజారు అలవాటు. ఆమెను మాత్రం ఎప్పుడూ అడగలేదు.

వానాకాలం వచ్చింది. ఒక సోమవారం ప్రింటరు కాగితం తోసింది. తీసి చూశాను. సున్నా ఉండవలసిన చోట ఒకటి ఉంది.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. ఒకటే. ఈసారి గాలీ ధూళీ ముడి కాదు, సార్ స్వయంగా అప్పగించిన అసలు ప్రశ్నకే దొరికింది. నిద్ర లేదు, మందుకు లొంగలేదు, చెమటలు, మాట తడబాటు, మేలుకుని ఉండగానే కలలో ఉన్నట్టు చేతులాడించడం. అన్నీ. అప్పుడే ఆ అమ్మాయి మెట్లెక్కి వస్తోంది.

"దొరికింది తల్లీ!" అని హాలంతా వినిపించేలా అరిచాను. చదువుకునేవాళ్లు తలలెత్తి చూశారు. నోరు మూసుకోమని అందరికీ చెప్పేదాన్ని నేనే.

ఆమె బల్ల అంచు పట్టుకుంది. "సంబంధం లేనోళ్లా?"

"చూద్దాం రా. ఈ వారమే ఎక్కింది."

ఆమె నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ముఖం వెలిగిపోతోంది. ఎవరో ఒక మనిషి ఇంత ఘోరంగా జబ్బుపడ్డాడని తెలిసి మేమిద్దరం పండగలా కూర్చున్నాం. షీటు తెరిచాను.

మగ. వయసు చూశాను. పెద్దదే. తాలూకా, బళ్లారి. చేసే పని అన్న చోట, వైద్యుడు అని ఉంది.

నేను చదవడం ఆపేశాను. ఆమె ఆపలేదు. తెర మీద వేలు పెట్టి ఒక్కో వరుసా కిందికి జరుపుతూ చదివింది. రోగి కళ్లు తెరిచి, తన ఎడమచేతి వేళ్ల మీద కుడిచేతి వేలితో కొడుతూ పరుపును పరీక్షిస్తున్నాడు. అటెండర్లను రోగులుగా భావించి మందులు చెప్తున్నాడు. కుటుంబ చరిత్ర: తండ్రి, వరి రైతు, సిరుగుప్ప తాలూకా, ఇవే లక్షణాలతో మరణం. సంతానం: ఒక కూతురు, ఆరోగ్యంగా ఉంది.

ఆ చివరి వరుస మీద ఆమె వేలు చాలాసేపు ఉండిపోయింది.

"బెంగళూరుకు తీసుకుపోయే ముందు ఎవరికీ చెప్పకుండా మన స్పెషల్ వార్డులోనే పెట్టినామక్కా" అంది చివరికి. "ఆ సంగతే మరిచిపోయినా. పేరు తీసేసి ఎక్కించినారు."

కేసు షీట్లు ఆడిట్ అయ్యి మా దగ్గరికి రావడానికి నెలలు పడతాయి. ఆయన అడిగిన ప్రశ్న ఇన్నాళ్లూ ఓపిగ్గా కాచుకుని కూర్చుంది. చివరికి ఆయన్నే పట్టుకుంది.

ఆమె నవ్వింది. తండ్రి బండ్రి నుంచి వచ్చి నవ్విన నవ్వే. "నాన్నకు నాన్నే దొరికినాడు చూడక్కా."

"తీసెయ్యమంటావా తల్లీ? ఈ వెతుకుడు ఆపేద్దామా?"

"బేడక్కా. ఉండనీ. తాత ఒక ఇల్లు, నాన్న అదే ఇల్లు. ఇంకో ఇల్లు ఇంగా రాలేదు, అంతే."

అప్పటి నుంచి సోమవారం కాగితం మీద ఒకటి వస్తోంది. వారం తర్వాత వారం, ఒకటి. నా జీవితమంతా లైబ్రరీల్లో కూర్చుని వెతకడమే నేర్చుకున్నాను. వెతికింది దొరికితే సంతోషం, దొరకకపోతే దిగులు, అంతకంటే ఏముంటుంది అనుకునేదాన్ని. ఇప్పుడు కాగితం తీసే ముందు నేను ఏం కోరుకోవాలో నాకు తెలియడం లేదు. రెండు అని వస్తే బాగుండునని ఉంటుంది. అంటే ఎక్కడో ఏ కంప్లిలోనో, ఏ హడగలిలోనో ఒక సంసారం నాశనం కావాలని కోరుకోవడం. ఆ పాపం సంగతి అలా ఉంచినా, రెండు అని వచ్చిన రోజున ఆ రెండో మనిషి ఎవరో కాగితం చెప్పదు. పేర్లు తీసేస్తారు. షీటు తెరవాలి. మగా ఆడా అన్న చోట, వయసు దగ్గర, చేసే పని దగ్గర చూడాలి. ఆ మూడు వరుసలూ చదివే ధైర్యం నాకు ఉందో లేదో.

పరీక్షలు దగ్గర పడ్డాయని ఆమె ఈ మధ్య చిక్కిపోయింది. ప్రింటరు మూలిగే దాకా నా బల్ల దగ్గర కూర్చుంటుంది. కూర్చుని, అప్పుడప్పుడూ వేలితో వేలి మీద కొడుతుంటుంది. వైద్యం చదివే పిల్లలందరికీ ఆ అలవాటు ఉంది. క్యాంటీను బల్లల మీద, బస్సు సీట్ల మీద వాళ్లు కొట్టడం నేను చూశాను. అలవాటే.

ఈ సోమవారం కూడా వచ్చింది. అటెండరప్ప ఆమెకూ నాకూ కాఫీ తెస్తూ, ప్రింటరు పక్కగా పోతూ కాగితం తిప్పి చూశాడు.

"ఒకటేనక్కా" అని కేకేశాడు.

ఆమె కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, కోటు జేబులో వేసుకుంది. కాఫీ వద్దంది. వార్డులో పని ఉందని మెట్లు దిగిపోయింది. చెప్పుల చప్పుడు కింది వరండా దాకా వినిపించింది.

నేను కాఫీ చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. ప్రతి వారం పోయేముందు చెప్పే మాట ఇవాళ చెప్పలేదు.